చైనా విందు.. ఉప్పు లెక్క

హాలు అదిరింది, వంట అంతంతమాత్రం. ఇలాంటి చోట ఆ లోటును పూడ్చేది ఎక్కువగా సాసులూ ఉప్పే. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేటప్పుడు తెలుసుకోవాల్సిన సంగతులివి.

శనివారం రాత్రి ఎనిమిదింటికి మాదాపూర్‌లో ఒక గాజు భవనం పై అంతస్తుకు ఆరుగురం చేరాం. మా అక్క కొడుక్కి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చి నెల నిండింది. మొదటి జీతంతో ఇంటిల్లిపాదికీ విందు ఇస్తానన్నాడు. ‘‘బిర్యానీ ఎప్పుడూ తినేదే కదా తాతయ్యా, ఈసారి అసలు సిసలు సిచువాన్ వంట తిందాం’’ అంటూ మా నాన్నను ఒప్పించాడు. నాన్నకు 74 ఏళ్లు. మూడేళ్ల కిందట గుండెపోటు వచ్చి గుండె కండరం కాస్త బలహీనపడింది. అప్పటి నుంచీ ఇంట్లో ఆయన కూర విడిగా తీసి, ఉప్పు కొలిచి వేస్తున్నాం.

హాలు మాత్రం చూడముచ్చటగా ఉంది. నల్లటి చెక్క పలకలు, ఎర్రటి కాగితపు లాంతర్లు, చేత్తో ఎత్తితే బరువు తెలిసే రాతి పళ్లాలు. కిటికీలోంచి చూస్తే దుర్గం చెరువు కేబుల్ వంతెన రంగులు మారుస్తూ కనిపిస్తోంది. పాట ఎంత గట్టిగా మోగుతోందంటే, ఎదుటివాళ్లతో మాట్లాడాలంటే బల్ల మీదికి వంగాల్సిందే. ఫొటోలు బాగా వచ్చాయి.

తిండి సంగతే చెప్పుకోవాలి. డంప్లింగ్స్ పైపొర మన బొబ్బట్టంత మందం. మాపో టోఫు కారంగా ఉండాల్సింది తియ్యగా, మొక్కజొన్న పిండి గంజిలా వచ్చింది. ఎండుమిరపకాయల కోడి, నూడుల్స్, వంకాయ.. మూడింటికీ ఒకే సాసు. ‘‘అన్నీ ఒకే పోపులో ముంచి తెచ్చినట్లున్నాయి కదరా’’ అన్నారు నాన్న. మేనల్లుడి ముఖం చిన్నబోతుందని ఎవరం ఏమీ అనలేదు. ‘ఫ్రైడ్ రైస్ బాగుంది’ అని అందరం అదే ఎక్కువ తిన్నాం. మిగిలింది పార్సిల్ కట్టించాం. ఆదివారం మధ్యాహ్నం ‘పారేయడం ఎందుకు’ అంటూ ఆ పార్సిల్లో సగం నాన్నే తినేశారట. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది.

సోమవారం తెల్లవారుజామున ఆయన మంచం మీద కూర్చునే ఉన్నారు. పడుకుంటే ఆయాసం. చెప్పుల్లో పాదాలు పట్టడం లేదు. బరువు చూస్తే శుక్రవారం కంటే 2 కిలోలు ఎక్కువ. హృద్రోగ నిపుణుడి దగ్గరికి పరిగెత్తాం. ఆయన స్టెతస్కోపు తీయకముందే అడిగిన మొదటి ప్రశ్న: ‘‘పెద్దాయన ఈ రెండు రోజుల్లో బయట ఏమైనా తిన్నారా?’’ ఒంట్లో చేరిన నీరు దిగడానికి మందు మోతాదు పెంచి, నాలుగు రోజులు రోజూ బరువు చూసి చెప్పమన్నారు. ఆసుపత్రిలో చేరాల్సిన పని లేకుండానే గండం గడిచింది. ‘‘మరో రోజు ఆలస్యమైతే కథ వేరుగా ఉండేది’’ అన్నారు. మేనల్లుడు ఆ వారమంతా సరిగా తినలేదు పాపం.

సెలైన్ సీసాలో ఎంత ఉంటుందో.. అంత!

ఆసుపత్రిలో ఎక్కించే సాధారణ సెలైన్ లీటరు తీసుకుంటే అందులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రక్తం ఉప్పదనానికి దగ్గరగా ఉండేలా చేసిన లెక్క అది. దీన్నే తిరగేసి చూడండి. అదనంగా 9 గ్రాముల ఉప్పు ఒంట్లోకి వెళితే, దాన్ని పలుచన చేయడానికి శరీరం దాదాపు లీటరు నీటిని పట్టి ఉంచుకుంటుంది. బయట తిని వచ్చిన రాత్రి మాటిమాటికీ లేచి నీళ్లు తాగేది ఇందుకే. మూత్రపిండాలు, గుండె బాగున్నవాళ్లలో ఈ అదనపు ఉప్పూ నీరూ ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో వెళ్లిపోతాయి. ఉదయం ఉంగరం బిగుసుకోవడం, ముఖం ఉబ్బడంతో సరిపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో అలా కాదు. ఆ లీటరు నీరు కాళ్లలోకీ, ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. అందుకే గుండె వైఫల్యం ఉన్నవాళ్లు రోజూ ఉదయాన్నే బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే డాక్టర్‌కు చెప్పాలి. మా ఇంట్లో తూకం యంత్రం అటక మీదుండేది. ఇప్పుడు స్నానాల గది పక్కనే ఉంది.

పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే నిండా ఒక చెంచా కూడా కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఇదే పరిమితి. ఇప్పుడు చైనా వంటింటి లెక్క చూద్దాం. ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఉప్పులో చెప్పుకొంటే 2 గ్రాములు దాటుతుంది. సిచువాన్ వంటకు ప్రాణం లాంటిది దౌబాన్‌జియాంగ్. చిక్కుడు జాతి గింజలనూ మిరపకాయలనూ ఉప్పులో నెలల తరబడి మాగబెట్టిన ముద్ద. అచ్చం మన ఊరగాయే. దానిపై ఆయిస్టర్ సాస్, సూప్ పొడి, చివర్లో విడిగా చిటికెడు ఉప్పు. మా అక్క ఓ కాగితం మీద మేం తెప్పించిన ఆరు పళ్లాలకూ అంచనా వేసింది. ఎంత తగ్గించి చూసినా మనిషికి ఏడు గ్రాములకు తగ్గలేదు. అదీ రాత్రి భోజనం ఒక్కటే. పొద్దున తిన్న ఇడ్లీ, చట్నీ, మధ్యాహ్నం పప్పు, పచ్చడి దీనికి అదనం.

ఇది మన దగ్గరే ఉన్న బాధ కాదు. 2018లో బ్రిటన్‌లో ‘యాక్షన్ ఆన్ సాల్ట్’ అనే బృందం చైనా భోజనాలను పరిశీలిస్తే, రెస్టారెంట్ వంటకాల్లో సగానికి పైగా ఒక్కోదానిలో 3 గ్రాములకు మించి ఉప్పు కనిపించింది. అక్కడి రోజువారీ పరిమితి 6 గ్రాములు. అంటే ఒక్క పళ్లెంలోనే సగం రోజు కోటా అయిపోయింది.

అక్కడ అన్నానికి ఉప్పుండదు

ఇక్కడ చైనా వంటను తప్పుపడితే అన్యాయమే అవుతుంది. సిచువాన్ ఇళ్లలో ఆ కారపు కూరలను తెల్లటి చప్పిడి అన్నంతో తింటారు. పక్కన ఉప్పు అంతగా లేని పలుచటి సూప్, వెల్లుల్లితో వేయించిన ఆకుకూర ఉంటాయి. కూర అన్నానికి నంజుడు మాత్రమే. మనం ఆవకాయ ముద్దను వేడి అన్నంలో, నెయ్యి వేసుకుని కలుపుకొన్నట్లే. ఎవరైనా ఆవకాయను పులిహోరలో కలుపుకొని తింటారా? హైటెక్ సిటీ రెస్టారెంట్లలో మనం చేసేది సరిగ్గా అదే. సోయా సాస్‌తో వేయించిన అన్నం, దానిపైన సాసు కూర, పక్కన సాసులో తేలే నూడుల్స్. ఉప్పు మీద ఉప్పు, నూనె మీద నూనె.

మరో పొరపాటు కూడా ఉంది. చేప ముక్కలు ఎర్రటి నూనెలో తేలుతూ వచ్చే పెద్ద గిన్నె చూసే ఉంటారు. ఆ నూనె తాగడానికో, అన్నంలో పోసుకోవడానికో కాదు. ముక్కలను చాప్‌స్టిక్స్‌తో పైకి తీసుకుని తింటారు, నూనె గిన్నెలోనే ఉండిపోతుంది. ఎండుమిరపకాయల కుప్పలో దాగిన చోంగ్‌చింగ్ కోడి కూడా అంతే. మిరపకాయలు చారులో కరివేపాకు లాంటివి, పక్కకు నెట్టేయాలి. మనవాళ్లు చెంచాతో ఆ నూనెను తోడి మరీ అన్నంలో కలుపుకోవడం ఆ రాత్రి పక్క బల్ల దగ్గర చూశాను. ఒక పెద్ద చెంచా నూనె దాదాపు 120 కేలరీలు. జాతీయ పోషకాహార సంస్థ రోజుకు రెండు వేల కేలరీల భోజనంలో నూనెకు కేటాయించింది 27 గ్రాములే. అలాంటివి రెండు చెంచాలు పడితే రోజు కోటా చెల్లు.

కాలేయం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఊబకాయం 71 శాతం మందిలో ఉంది. గంటల కొద్దీ కూర్చోవడం, రాత్రి షిఫ్టులు, నిద్రలేమి.. కారణాలు చాలా. ‘టీమ్ డిన్నర్లు’ కూడా అందులో ఒక పాయే.

జివ్వుమనే గింజ మన అడవిలోనూ ఉంది

సిచువాన్ వంట అనగానే మనకు గుర్తొచ్చేది ‘షెజ్వాన్ సాస్’. పేరు ఒక్కటే గానీ ఆ రెండింటికీ చుట్టరికం తక్కువ. మన సాసులో ఎండుమిర్చి, వెల్లుల్లి ఉంటాయి. అసలుదానిలో నాలుకను తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియం ఉండాలి. పేరుకే మిరియం. నిజానికి నిమ్మ కుటుంబానికి చెందిన మొక్క కాయ పైతొక్క. అందులోని శాన్షూల్ అనే పదార్థం పెదవుల్లోని స్పర్శ నాడులను తట్టి లేపుతుంది. 2013లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కొలిచి చూస్తే, ఆ జివ్వుమనే తీరు సెకనుకు 50 సార్లు కంపించే యంత్రం పెదవిని తాకినట్లు ఉందని తేలింది.

దీని దగ్గరి బంధువు మన కొండల్లోనే ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఉత్తర సర్కారుల్లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దాన్ని ‘రచ్చమాను’గా విన్నాడు. కొండవాళ్లు ఆ చెట్టు నీడన రచ్చకు కూడేవారని రాశాడు. రచ్చబండలోని రచ్చే అది. ఆ చెట్టు శాస్త్రీయ నామంలో ‘రెట్సా’ అనే మాట మన తెలుగు నుంచి వెళ్లిందే! కొంకణ తీరంలో దాని కాయలను చేపల పులుసులో ఇప్పటికీ వేస్తారు.

ఈ పిట్టకథ ఎందుకంటే, మంచి సిచువాన్ వంటవాడి చేతిలో ఉప్పు తగ్గించే ఆయుధాలు చాలానే ఉంటాయి. తిమ్మిరి, పులుపు, అల్లం, వెల్లుల్లి, వేయించిన నువ్వులు, నల్ల వెనిగర్. నూరు వంటకాలకు నూరు రుచులని అక్కడివాళ్లు చెప్పుకొంటారు. పైగా వాటిలో కారం లేనివీ బోలెడు. నాణ్యమైన దినుసులు ఖరీదు, వాటిని సరిగా వాడే చెయ్యి ఇంకా ఖరీదు. ఆ రెండూ లేని వంటింట్లో చవగ్గా రుచి తెప్పించేవి నాలుగే. ఉప్పు, చక్కెర, నూనె, చిక్కదనానికి మొక్కజొన్న పిండి. అన్ని పళ్లాలూ ఒకేలా ఉన్నాయని నాన్న అన్న మాటకు అర్థం అదే. మధుమేహం ఉన్నవాళ్లు ఆ మెరిసే చిక్కటి సాసు దగ్గరే ఆగి ఆలోచించాలి. చక్కెర, పిండి రెండూ అక్కడే ఉన్నాయి.

నింద అజినోమోటోకి.. నేరం ఉప్పుది

విందు మర్నాడు తల బరువెక్కితే మనం మొదట తిట్టేది అజినోమోటోనే. ఆ అపవాదు పాతదే. 1968లో రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే అమెరికా వైద్యుడు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’కు ఒక ఉత్తరం రాశారు. చైనా రెస్టారెంట్లో తిన్న కాసేపటికి మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నాయని అందులో రాసి, సోయా సాసో, వంటలో పోసే వైనో, మోనో సోడియం గ్లుటమేటో, ఎక్కువైన ఉప్పో కారణం కావచ్చన్నారు. జనం మాత్రం మూడోదాన్నే పట్టుకున్నారు. దానికి ‘చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్’ అని పేరు కూడా పెట్టేశారు. తమకు అది పడదని నమ్మే 130 మందితో 2000లో చేసిన పరీక్షలో, ఆహారం లేకుండా ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు కొందరిలో స్వల్ప లక్షణాలు కనిపించినా అవి మళ్లీ ఇస్తే నిలకడగా రాలేదు. ఆహారంతో కలిపి ఇచ్చినప్పుడూ అంతే.

1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు పులుసులోంచి గ్లుటమేట్‌ను విడదీశారు. పండిన టమాటాలో, పుట్టగొడుగుల్లో సహజంగా ఉండేదీ ఇదే. సోడియం మామూలు ఉప్పులో 40 శాతం దాకా ఉంటే, ఇందులో 12 శాతమే. అలాగని దీనికి మంచి మార్కులు వేసేయనక్కర్లేదు. ఉప్పు తగ్గించి దీన్ని చిటికెడు వేస్తే లాభమే. ఉప్పు అంతే ఉంచి దీన్నీ గుమ్మరిస్తే మొత్తం సోడియం పెరుగుతుంది. పైగా పాత దినుసుల చప్పదనాన్ని కప్పేస్తుంది. ‘నో ఎంఎస్‌జీ’ అని మెనూలో చూసి ఊరట పడితే మాత్రం మోసపోతాం. ఆ మాట ఉప్పు గురించి ఏమీ చెప్పదు.

హాలు చేసే మాయ

రుచి నాలుక ఒక్కటే తేల్చేది కాదు. చుట్టూ రొద ఎక్కువైతే ఉప్పదనం, తియ్యదనం తక్కువగా తెలుస్తాయని 2010లో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగం చూపింది. విమానంలో భోజనం చప్పగా అనిపించడానికీ ఇదొక కారణమంటారు. డీజే మోగే హాలులో కూర్చుని ‘కొంచెం చప్పగా ఉంది’ అని సోయా సీసా అందుకుంటే, చప్పగా ఉన్నది కూర కాకపోవచ్చు. బరువైన చెంచాలతో తిన్నవాళ్లు అదే వంటకాన్ని మరింత మెచ్చుకుని, ఎక్కువ డబ్బు ఇవ్వడానికి సిద్ధపడ్డారని ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు చార్లెస్ స్పెన్స్ బృందం గమనించింది. ఆ రాతి పళ్లాలు ఉత్త అలంకారం కాదన్నమాట.

హాలు మెరుపు వంటింటి శుభ్రతకూ హామీ కాదు. 2024లో తెలంగాణ ఆహార భద్రత విభాగం టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్‌లో వరుసగా చేసిన తనిఖీల్లో పేరున్న చోట్లలోనూ గడువు దాటిన సరకులు, లేబుల్ లేని నిల్వలు బయటపడ్డాయి. లైసెన్సు కాపీ కనిపించేలా పెట్టడం తప్పనిసరి. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి చూడండి.

పార్సిల్ డబ్బా గురించి ఒక్క మాట. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని బీజాలు ఉడికించినా చావవు. అది వదిలే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. 1970ల మొదట్లో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిని వాంతులైన కేసుల వల్లే దీని సంగతి వెలుగులోకి వచ్చింది. రెస్టారెంట్లలో ఫ్రైడ్ రైస్‌కు ముందే వండి చల్లార్చిన అన్నం వాడతారు. దాన్ని మనం రాత్రి పదకొండింటికి ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద వదిలేసి, మర్నాడు మధ్యాహ్నం తింటాం. తెస్తే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లున్న ఇంటికి అసలు తేకపోవడమే నయం. అందులో ఉన్న ఉప్పు ఎక్కడికీ పోదు.

ఆర్డరు ఇచ్చే ముందు

పది, అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లు, కేంద్ర లైసెన్సు ఉన్నవి 2022 జులై నుంచి మెనూలో కేలరీలు చూపాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. వేరుసెనగ, సోయా, గోధుమ, గుడ్డు, చేప లాంటి అలర్జీ కారకాల వివరాలూ తెలపాలి. కుంగ్ పావ్ కోడిలో వేరుసెనగ పప్పు ఉంటుంది, పడని పిల్లలుంటే ముందే అడగండి. ఉప్పు అంకె మాత్రం మెనూలో సాధారణంగా కనిపించదు. కాబట్టి నోరు తెరిచి అడగడమే దారి. ‘సాస్ సగమే వేయండి, విడిగా ఉప్పు వద్దు’ అంటే అప్పటికప్పుడు బాణలిలో వేయించే వంటకాల్లో చేయగలరు. ‘అది కుదరదండీ, సాస్ ముందే కలిపి ఉంటుంది’ అని జవాబొస్తే ఆ వంటింటి గురించి మీకు చాలానే తెలిసినట్లు.

తెల్లన్నం తెప్పించుకోండి. ఆవిరి మీద ఉడికించిన చేప, వెల్లుల్లి ఆకుకూర, దోసకాయ సలాడ్ లాంటివి సగం, కారపు సాసు కూరలు సగం. డంప్లింగ్స్‌తో వచ్చే సోయా గిన్నెలో ముంచకుండా అంచు తాకించండి. సూప్ నలుగురూ పంచుకోండి. ఎర్రటి మంచూరియా పిల్లలకు ఇష్టమే గానీ ఆ ఎరుపు మిరపదో, రంగుదో అడగండి. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని 2024 మార్చిలో కర్ణాటక నిషేధించింది. ఇక గుండె, మూత్రపిండాల జబ్బున్న పెద్దలు విందుకు వెళ్లే రోజు మిగతా రెండు పూటలూ పచ్చడి, అప్పడం, ఊరగాయ మానేయాలి. నీటి మాత్రను ‘బయట తింటున్నాం కదా’ అని సొంతంగా పెంచుకోకూడదు, ‘మాటిమాటికీ లేవాలి’ అని మానేయనూ కూడదు. అది డాక్టర్ చెప్పాల్సిన లెక్క.

రెండు నెలల తర్వాత మేనల్లుడు మళ్లీ పిలిచాడు. ఈసారి కొండాపూర్‌లో చిన్న చోటు, ప్లాస్టిక్ కుర్చీలు. వాడే ముందుగా ఫోన్ చేసి ఉప్పు సంగతి మాట్లాడి పెట్టాడు. తెల్లన్నం, అల్లంతో ఆవిరి చేప, ఆకుకూర, అందరికీ కలిపి ఒకే ఒక్క పళ్లెం మాపో టోఫు. నాలుక జివ్వుమంటే నాన్న ఉలిక్కిపడి, మళ్లీ ఇంకో చెంచా వేసుకున్నారు. చివర్లో ‘‘బాబూ, పెరుగుందా?’’ అని అడిగారు. లేదన్నాడు సర్వరు. ఇంటికొచ్చాక మజ్జిగ తాగి పడుకున్నారు, ఉప్పు వేసుకోకుండా. సోమవారం ఉదయం బరువు శుక్రవారం నాటిదే.